బిజినెస్ అనలిస్టుకు వృత్తి సంఘం ఎందుకు? నల్లగొండ, పాలమూరు నుంచి ఒక పరిశీలన

క్లుప్తంగా: బిజినెస్ అనలిస్టుగా పనిచేయడానికి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. ఎవరి పనితనం ఎంతో చెప్పే ప్రభుత్వ ముద్ర కూడా లేదు. ఆ లోటును కొంతవరకు స్వచ్ఛంద వృత్తి సంఘాలు పూడుస్తున్నాయి. వాటి నుంచి ముఖ్యంగా దొరికేవి ఉమ్మడి పరిభాష, అనుభవాన్ని లెక్కగట్టే పద్ధతి, తోటివాళ్ల పరిచయం. సర్టిఫికెట్ ఆ తర్వాతి మాట. దక్షిణ తెలంగాణ యువత చాలావరకు సర్టిఫికెట్‌తోనే మొదలుపెడుతోంది, ఇబ్బంది అక్కడే వస్తోంది.

పేరులోనే చిక్కు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఎవరైనా "మా అమ్మాయి బీఏ చేస్తోంది" అంటే వినేవాళ్లకు డిగ్రీ కాలేజీ గుర్తొస్తుంది. అదే మాట హైదరాబాద్ హైటెక్ సిటీలో అంటే బిజినెస్ అనలిస్టు ఉద్యోగం అని అర్థం. పేరు దగ్గర మొదలైన ఈ గందరగోళం పని దగ్గర ఇంకా పెరుగుతుంది. ఒక కంపెనీలో బిజినెస్ అనలిస్టు అంటే క్లయింటుతో మాట్లాడి అవసరాలు రాసుకునే మనిషి. ఇంకో కంపెనీలో ఎక్సెల్ రిపోర్టులు తయారుచేసే మనిషి. మరో చోట అదే హోదాలో టెస్టింగ్ చేయిస్తారు. ప్రకటనలో రాసిన పేరు చూసి చేరినవాళ్లకు ఆరు నెలలు గడిచాక గానీ తమ పని ఏమిటో తెలియదు.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువగా వినిపించడానికి కారణాలున్నాయి. హైదరాబాద్‌లో విదేశీ సంస్థల సొంత కేంద్రాలు పెరిగాయి. కోడింగ్ మీద ఆసక్తి లేని బీకాం, ఎంబీఏ పట్టభద్రులకు సాఫ్ట్‌వేర్ రంగంలోకి దారి ఇదేనన్న ప్రచారం బాగా ఉంది. టెస్టింగ్, సపోర్ట్ పనుల్లో ఉన్నవాళ్లు కృత్రిమ మేధ వల్ల తమ పని తగ్గుతుందన్న టెన్షన్‌తో ఇటు చూస్తున్నారు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లే. పొద్దున బస్సెక్కితే అమీర్‌పేటలో క్లాసు విని రాత్రికి ఇల్లు చేరవచ్చు. అక్కడ వినిపించే మొదటి ప్రశ్న "ఏ సర్టిఫికేషన్ చేయాలి?". ఆ సర్టిఫికేషన్ ఇచ్చే సంఘం ఏమిటి, ఎందుకు పుట్టింది, దాని పని ఏమిటి అని అడిగేవాళ్లు తక్కువ.

వడ్ల కొనుగోలు కేంద్రం చెప్పే పాఠం

బిజినెస్ అనలిస్టు పనిని అర్థం చేసుకోవడానికి బ్యాంకు సాఫ్ట్‌వేర్ దాకా పోనక్కర్లేదు. యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ ఐకేపీ కేంద్రానికి వెళ్లినా చాలు. రైతు వడ్లు తెచ్చి కల్లంలో పోస్తాడు. తేమ చూస్తారు, 17 శాతం దాటితే మళ్లీ ఆరబెట్టాలి. తాలు తూర్పార పడతారు. కాంటా వేస్తారు, హమాలీలు బస్తాలు లారీకి ఎక్కిస్తారు, ట్రక్ షీట్ రాస్తారు. లారీ మిల్లుకు పోతుంది. మిల్లు దించుకుంటుంది. వివరాలు ట్యాబ్‌లో ఎక్కుతాయి. ఆ తర్వాత పౌర సరఫరాల సంస్థ నుంచి రైతు ఖాతాలో డబ్బు పడుతుంది. వడ్లను మిల్లు బియ్యంగా మార్చి తిరిగి ఇవ్వాలి, పచ్చి బియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు.

ఇప్పుడు ఈ మొత్తానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలనుకుందాం. పైనుంచి వచ్చిన కోరిక ఒక్క వాక్యం: "రైతుకు 48 గంటల్లో డబ్బు పడాలి." చదవడానికి తేలిక. కానీ ఆ 48 గంటలు ఎప్పటి నుంచి? కాంటా వేసిన క్షణం నుంచా? లారీ కదిలినప్పటి నుంచా? మిల్లు దించుకుని ఒప్పుకున్నప్పటి నుంచా? ట్యాబ్‌లో ఎక్కించినప్పటి నుంచా? రైతు లెక్క కాంటా దగ్గర మొదలవుతుంది, "తూకమైంది గదా, పైసలు ఎప్పుడు పడతయ్?" అని అడుగుతాడు. కార్యాలయం లెక్క ట్యాబ్ దగ్గర మొదలవుతుంది. మధ్యలో లారీ దొరక్క మూడు రోజులు, మిల్లు ముందు లైనులో రెండు రోజులు పోతే ఆ ఐదు రోజులు ఎవరి రికార్డులోనూ కనబడవు. సాఫ్ట్‌వేర్ నూటికి నూరు శాతం సక్రమంగా పనిచేస్తుంది, రైతు మాత్రం ఎదురుచూస్తూనే ఉంటాడు.

మిల్లు దగ్గర తరుగు తీస్తే ఇంకో చిక్కు. కేంద్రంలో తూకం ఒకటి, మిల్లు ఒప్పుకున్నది ఇంకొకటి. రైతుకు చెల్లించాల్సింది ఏ అంకె ప్రకారం? తేడా వచ్చినప్పుడు ఎవరు తేల్చాలి, ఎన్ని గంటల్లో? ఇలాంటి ప్రశ్నలను కోడ్ రాయకముందే బయటకు లాగి, రైతుతో, కేంద్రం నడిపే మహిళా సంఘంతో, లారీ కాంట్రాక్టరుతో, మిల్లరుతో, అధికారితో మాట్లాడి, అందరూ ఒప్పుకునే మాటల్లో రాసిపెట్టడమే బిజినెస్ అనలిస్టు పని. 48 గంటల గడియారం ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించే అధికారం అనలిస్టుకు ఉండదు. ఆ నిర్ణయం ఇంకా జరగలేదని సమయానికి చూపించగలగడమే అతని విలువ.

ఈ పనికి తెలివి ఒక్కటే చాలదు, పద్ధతి కావాలి. ఎవరెవరిని కలవాలి, ఏ ప్రశ్న ముందు అడగాలి, చెప్పినదాన్ని ఎలా సరిచూడాలి, ఏది నియమం, ఏది అలవాటు, ఏది ఒకరి అభిప్రాయం? అనుభవజ్ఞుల దగ్గర ఈ పద్ధతి ఉంటుంది, కానీ వాళ్లతోనే పోతుంది. దాన్ని పోగుచేసి, పేర్లు పెట్టి, తర్వాతివాళ్లకు అందించే బాధ్యతను వృత్తి సంఘాలు తీసుకున్నాయి.

చట్టం కాపలా లేని వృత్తి

చార్టర్డ్ అకౌంటెంటు సంగతి వేరు. 1949 నాటి చట్టం కింద ఏర్పడిన సంస్థలో సభ్యత్వం లేనివాళ్లు కంపెనీ ఆడిట్ నివేదిక మీద సంతకం పెట్టలేరు. న్యాయవాదికి 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ఉంది, బార్ కౌన్సిల్ ఉంది. తప్పు చేస్తే సనదు పోతుంది. ఈ రెండు చోట్లా సంఘం చేతిలో ద్వారం తాళం ఉంటుంది.

మన నేల మీదే ఇంకో పోలిక దొరుకుతుంది. ఉమ్మడి నల్లగొండలోని పోచంపల్లి ఇక్కత్‌కు, పాలమూరు వైపు గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది, ఆ తర్వాత మగ్గం మీద డిజైన్ తేవాలి. బట్ట మీద అదే డిజైన్‌ను ప్రింటు కొట్టి పోచంపల్లి అని అమ్మితే చట్టం అడ్డుపడుతుంది. అమలు ఎంత గట్టిగా ఉందన్నది వేరే చర్చ. ఆ పేరుకు ఒక కాపలా అయితే ఉంది.

'బిజినెస్ అనలిస్టు' అన్న పేరుకు అలాంటి కాపలా ఏదీ లేదు. రెండు నెలల కోర్సు చేసినవాళ్లూ ఆ పేరు రాసుకోవచ్చు, పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ రాసుకోవచ్చు. కాబట్టి ఈ రంగంలోని సంఘాలు తలుపు దగ్గర నిలబడి ఎవరినీ ఆపలేవు. వాటి మాటకు బలం యజమానుల నమ్మకం నుంచి మాత్రమే వస్తుంది. ఫలానా సర్టిఫికెట్ ఉన్నవాళ్లు పని బాగా చేస్తున్నారని కంపెనీలు గమనిస్తేనే దానికి విలువ. ఈ తేడా తెలియకపోతే "సీఏ పాసైతే ఉద్యోగం వచ్చినట్టే, ఇదీ అంతే" అనే అపోహ పుడుతుంది. ఇది అలా ఉండదు.

సంఘాలు ఎక్కడ పుట్టాయి

ఈ వృత్తికే ప్రత్యేకంగా ఏర్పడిన ప్రధాన సంఘం ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిజినెస్ అనాలిసిస్, పొట్టిగా ఐఐబీఏ. ఇది 2003లో కెనడాలోని టొరంటోలో మొదలైంది. లాభాపేక్ష లేని సంస్థ. దీని మూల గ్రంథాన్ని 'బాబోక్' అంటారు, అందులో ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న మూడో కూర్పు 2015లో వచ్చింది. అప్పటికే ప్రాజెక్టు మేనేజర్ల సంఘంగా 1969 నుంచి ఉన్న పీఎంఐ, 2014లో బిజినెస్ అనాలిసిస్‌కు సొంత సర్టిఫికేషన్ తెచ్చింది. బ్రిటన్‌లో 1957లో పుట్టి 1984లో రాయల్ చార్టర్ అనే రాజ గుర్తింపు పొందిన బీసీఎస్ అనే కంప్యూటర్ సంఘానిది ఇంకో దారి. అక్కడ కొన్ని సర్టిఫికెట్లు పూర్తిచేశాక డిప్లొమా కోసం మౌఖిక పరీక్ష కూడా ఉంటుంది. జర్మనీలో మొదలైన ఐఆర్ఈబీ అనే సంస్థ 'అవసరాల ఇంజనీరింగ్' (అవసరాలను సేకరించి, రాసి, సరిచూడటం) అనే ఒక్క భాగం మీదే దృష్టి పెడుతుంది.

నాలుగు చోట్లా విషయం దాదాపు ఒకటే, చూసే కోణం వేరు. పీఎంఐ దృష్టిలో అనలిస్టు ప్రాజెక్టులో ఒక భాగం. ఐఐబీఏ దృష్టిలో ప్రాజెక్టు పుట్టకముందే అతని పని మొదలవుతుంది, అసలు ఈ ప్రాజెక్టు అవసరమా అని అడగడం కూడా అతని బాధ్యతే. వడ్ల కేంద్రం ఉదాహరణతో చూస్తే రెండో కోణానికే ఎక్కువ బలం కనిపిస్తుంది. లారీల కొరత అసలు సమస్య అయినప్పుడు కొత్త యాప్ ఎంత బాగున్నా రైతుకు ఒరిగేది తక్కువ.

ఉమ్మడి పరిభాష ఎందుకు అంత ముఖ్యం

బాబోక్ మూడో కూర్పు ఈ వృత్తిని ఆరు జ్ఞాన విభాగాలుగా, 30 పనులుగా విడదీసి, 50 మెళకువలను వివరిస్తుంది. మార్పు, అవసరం, పరిష్కారం, భాగస్వామి, విలువ, సందర్భం అనే ఆరు మూల భావనల మీద అంతా నిలబెడుతుంది. పైకి ఇది పరీక్ష సిలబస్‌లా కనిపిస్తుంది. పనిలో దిగాక దీని ఉపయోగం తెలుస్తుంది.

అవసరాలను ఆ పుస్తకం విడదీసిన తీరు చూడండి. సంస్థ ఎందుకు మారాలనుకుంటోంది అన్నది ఒకటి. సంబంధిత మనుషులకు ఏం కావాలి అన్నది రెండోది. పరిష్కారం ఏం చేయాలి, ఎంత వేగంగా, ఎంత భద్రంగా చేయాలి అన్నది మూడోది. పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారే కాలంలో మాత్రమే కావలసినవి నాలుగోది: పాత డేటా తరలింపు, శిక్షణ, రెండు పద్ధతులూ కొన్నాళ్లు పక్కపక్కన నడవడం. వీటినే మార్పిడి అవసరాలు అంటారు. చాలా ప్రాజెక్టుల్లో అందరూ మరిచిపోయేది దీన్నే.

భూ రికార్డుల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2017లో రాష్ట్రంలో భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైంది. పాత రికార్డుల్లోని తప్పులు కొన్ని కొత్త పోర్టల్‌లోకి అలాగే వచ్చాయి. పేరులో అక్షరం మారినా, సర్వే నంబరు తప్పిపోయినా, విస్తీర్ణం తగ్గినా తహసీల్దార్ కార్యాలయంలో చాలామంది రైతులు విన్న జవాబు "ఆప్షన్ లేదు". సవరణల కోసం మాడ్యూళ్లు తర్వాత ఒక్కొక్కటిగా చేర్చారు.

దీన్ని సాఫ్ట్‌వేర్ లోపం అని ఒక్క మాటలో తేల్చడం సరికాదు. ధరణికి ఆధారమైన 2020 భూ హక్కుల చట్టం రెవెన్యూ కోర్టులను తీసేసింది. తప్పును సరిదిద్దే దారి చట్టంలోనే ఇరుకైనప్పుడు తెర మీద బటన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఉమ్మడి పరిభాష తెలిసిన అనలిస్టు ఇక్కడ మూడు విషయాలను విడివిడిగా చూపించగలడు. చట్టంలో లేని దారి ఒకటి, చట్టంలో ఉన్నా సాఫ్ట్‌వేర్‌లో పెట్టనిది ఒకటి, పాత డేటాతో పాటు వచ్చిన తప్పు ఒకటి. మొదటిది శాసనసభ పని, రెండోది ప్రోగ్రామర్ పని, మూడోది ఊళ్లో రికార్డు పట్టుకుని తిరగాల్సిన పని. మూడింటినీ కలిపి "పోర్టల్ ప్రాబ్లం" అంటే ఏదీ కదలదు.

ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతి ఈ మూడింటినీ తాకింది. కొత్త చట్టంలో అప్పీలు అంచెలు పెట్టారు. ముందుగా నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా అమలుచేశారు, వాటిలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఊళ్లలో రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. ఒక చోట చిన్నగా మొదలుపెట్టి చూడటం, వాడేవాళ్ల ఊరికే వెళ్లి అడగడం అన్నవి వృత్తి సంఘాల పుస్తకాల్లో ఏనాటి నుంచో ఉన్న మెళకువలే. వాటికి పేరుండటం వల్ల కలిగే లాభం ఒకటుంది. ప్రాజెక్టు ఖర్చు తగ్గించే సమావేశంలో "ఈ దశ తీసేద్దాం" అని ఎవరైనా అన్నప్పుడు, తీసేస్తున్నది ఏమిటో పేరు పెట్టి చెప్పవచ్చు. పేరు లేని పనిని బడ్జెట్‌లోంచి కొట్టేయడం చాలా సులువు.

పరీక్ష ఎలా పనిచేస్తుంది

ఐఐబీఏ ప్రధాన మెట్లు మూడు. కొత్తవాళ్లకు ఈసీబీఏ, మధ్యస్థాయికి సీసీబీఏ, అనుభవజ్ఞులకు సీబీఏపీ. పై రెండింటికి అనుభవం గంటల్లో చూపాలి. సీసీబీఏకు గత ఏడేళ్లలో 3,750 గంటలు, సీబీఏపీకి గత పదేళ్లలో 7,500 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడాదికి 250 పనిదినాలు వేసుకుంటే 2,000 గంటలు. అంటే రోజంతా ఈ పనే చేసినా సీబీఏపీకి నాలుగేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. వాస్తవంలో ఎవరూ రోజంతా ఇదే పని చేయరు. సగం సమయం టెస్టింగుకో రిపోర్టులకో పోతే ఏడెనిమిదేళ్లు. సీబీఏపీకి దీనితో పాటు గత నాలుగేళ్లలో 35 గంటల శిక్షణ, పనిని ఎరిగిన ఇద్దరి సిఫార్సు కూడా కావాలి. సీబీఏపీ పరీక్షలో 120 ప్రశ్నలు, మూడున్నర గంటలు. పాసయ్యాక కూడా మూడేళ్లకోసారి 60 అభ్యాస గంటలు చూపించి పునరుద్ధరించుకోవాలి.

ఈ గంటల నిబంధన చాలామందికి చికాకుగా అనిపిస్తుంది. కానీ మొత్తం ఏర్పాటుకు ప్రాణం అదే. ఆ గంటలు కూడా ఒకే రకం పనిలో ఉంటే చాలవు, సీబీఏపీకైతే ఆరు విభాగాల్లో కనీసం నాలుగింటిలో ఒక్కోదానికి 900 గంటలు ఉండాలి. పదేళ్లు ఒకే రకం రిపోర్టు తయారుచేసినవాళ్లకూ, ఆరేళ్లలో నాలుగు రకాల పని చూసినవాళ్లకూ తేడా అక్కడ తెలుస్తుంది. కోచింగ్ సెంటర్ ఇచ్చే కాగితం క్లాసుకు హాజరైన సంగతి చెబుతుంది. పై మెట్టు సర్టిఫికెట్ పని చేసిన చరిత్రను చెబుతుంది. బయటికి రెండూ 'సర్టిఫికెట్లే' అయినా రెండూ ఒక్కటి కావు.

దరఖాస్తు నింపేటప్పుడు ఇంకో మేలు జరుగుతుంది. ఏ ప్రాజెక్టులో ఏ పని ఎన్ని గంటలు చేశారో రాయడానికి కూర్చుంటే, ఇన్నేళ్ల ఉద్యోగంలో తాము ముట్టుకోనే ముట్టుకోని విభాగం ఏదో కనిపిస్తుంది. పరీక్ష రాసినా రాయకపోయినా ఆ లెక్క దారి చూపిస్తుంది.

ప్రమాణమూ అమ్మకమూ ఒకే చేతిలో

సంఘాల ఆదాయం సభ్యత్వ రుసుము, పరీక్ష ఫీజు, పుస్తకాలు, శిక్షణ సంస్థలకు ఇచ్చే గుర్తింపు, కంపెనీల సభ్యత్వం నుంచి వస్తుంది. ఇందులో ఒక సహజమైన చిక్కు ఉంది. ఈ వృత్తిలో ఏది ముఖ్యమో చెప్పే సంస్థే, ఆ ముఖ్యమైనది వచ్చిందని చెప్పే కాగితాన్ని అమ్ముతోంది. కొత్త సర్టిఫికెట్లు పెరిగే కొద్దీ ఆదాయం పెరుగుతుంది. గత కొన్నేళ్లలో ఐఐబీఏ ఎజైల్, డేటా విశ్లేషణ, సైబర్ సెక్యూరిటీ, ప్రొడక్ట్ ఓనర్‌షిప్ పేర్లతో విడి సర్టిఫికెట్లు తెచ్చింది. రంగం నిజంగానే మారింది కాబట్టి వీటిలో కొన్నింటికి అవసరం ఉంది. అయితే ఒకే మనిషికి అన్నీ కావాలన్న వాదనకు ఆధారం లేదు.

వ్యక్తులకు సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల కోసం ఐఎస్ఓ/ఐఈసీ 17024 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. శిక్షణ ఇవ్వడం, పరీక్షించడం ఒకదాన్నొకటి ప్రభావితం చేయకుండా చూడాలన్నది దాని మూల సూత్రాల్లో ఒకటి. ఏ సర్టిఫికెట్‌నైనా తూచడానికి ఇది మంచి తక్కెడ. పాఠం చెప్పినవాళ్లే ప్రశ్నపత్రం తయారుచేసి, వాళ్లే దిద్ది, వాళ్లే కాగితం ఇస్తుంటే ఆ కాగితం బరువు తక్కువ. "పాస్ గ్యారంటీ" అన్న మాట వినిపిస్తే అక్కడే ఆగి ఆలోచించాలి. లాభాపేక్ష లేని సంఘమైనా, దాని పరీక్ష ఫీజు డాలర్లలో ఉంటుంది. రూపాయి తగ్గినప్పుడల్లా ఆ భారం నల్లగొండలో కట్టేవాళ్ల మీద పెరుగుతుంది. సభ్యత్వం, పరీక్ష, శిక్షణ, పుస్తకాలు కలిపితే మొదటి జీతం రాని ఇంటికి అది చిన్న ఖర్చు కాదు.

దక్షిణ తెలంగాణలో ఈ లాభం ఎవరికి ఎంత

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో, నల్లగొండలో అదే ఏడాది అక్టోబర్‌లో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం ఏటా కామర్స్, మేనేజ్‌మెంట్, కంప్యూటర్స్ పట్టభద్రులను బయటికి పంపుతున్నాయి. భవనాలున్నాయి, చదువుకున్నవాళ్లున్నారు. లేనిది మధ్యలోని వలయం. పదేళ్ల అనుభవం ఉన్న అనలిస్టు వారానికోసారి కూర్చుని కొత్తవాళ్లు రాసిన పత్రం చదివి "ఇక్కడ ఈ ప్రశ్న అడగలేదు" అని చెప్పే చోటు లేదు. పెద్ద నగరాల్లో సంఘాల శాఖలు ఇచ్చేది ముఖ్యంగా అదే. స్టడీ గ్రూపులు, ప్రసంగాలు, అనుభవజ్ఞులతో పరిచయాలు. వీటిలో చాలావరకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. అయినా ఇంగ్లిషులో తడబడే పిల్లలు ఆ తెరల మీద కెమెరా ఆపేసి విని ఊరుకుంటారు. ప్రశ్న అడగరు.

భాష సంగతి ఇంకొంచెం చూడాలి. ఈ పరీక్షలు తెలుగులో లేవు. ఉద్యోగంలో రాసే పత్రాలు ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి అది పెద్ద అన్యాయం అనలేం. కానీ వడ్ల కేంద్రంలోనో, పాల కేంద్రంలోనో, మీ సేవ కౌంటర్లోనో అవసరాలు చెప్పే మనిషి తెలుగులో, అదీ తెలంగాణ యాసలో చెబుతాడు. 'తరుగు' అన్న మాటలో ఉన్న కోపాన్ని, 'కాంటా అయింది' అన్న మాటలో ఉన్న ధీమాను పట్టుకుని ఇంగ్లిషు పత్రంలోకి తేగలిగినవాళ్లు ఆ ఊరి పిల్లలే. ఈ బలాన్ని ఏ సిలబస్సూ లెక్కగట్టడం లేదు. ప్రభుత్వ పోర్టళ్లు, వ్యవసాయ యాప్‌లు, సహకార బ్యాంకుల సాఫ్ట్‌వేర్ చేసే సంస్థలకు మాత్రం అవసరమైనది సరిగ్గా ఇదే.

ఎవరికి ఏది ముందు అన్నది వాళ్లున్న దశను బట్టి మారుతుంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు ప్రారంభ సర్టిఫికెట్ పరిభాష నేర్పుతుంది, అంతవరకు మేలే. దానివల్లే ఉద్యోగం వస్తుందని అప్పు చేసి కట్టడం మాత్రం మంచి లెక్క కాదు. ఆ స్థాయిలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎక్కువగా చూసేది రాసిన పని. ఒక నిజమైన ప్రక్రియను గమనించి, నియమాలు, మినహాయింపులు, ప్రశ్నలు రాసిన పది పేజీల పత్రం చాలా చెబుతుంది. మండల కార్యాలయంలో కుల ధ్రువీకరణ పత్రం దరఖాస్తు ఎలా కదులుతుందో రాసినా సరే.

మూడు నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగో సపోర్టో చేస్తున్నవాళ్లకు సంఘం ఎక్కువ ఉపయోగపడుతుంది. వాళ్లు ఇప్పటికే చేస్తున్న పనిలో కొంత భాగం బిజినెస్ అనాలిసిసే, దానికి ఆ పేరు పెట్టుకోలేదంతే. లోపం ఎందుకు వచ్చిందో తవ్వి, "అసలు అవసరమే తప్పుగా రాశారు" అని తేల్చిన టెస్టర్ ఆ గంటలను లెక్కలో వేసుకోవచ్చు. సంఘం గీసిన విభాగాల పట్టిక పక్కన పెట్టుకుంటే ఆ పని కనిపిస్తుంది, మేనేజర్‌తో మాట్లాడటానికి ఆధారం దొరుకుతుంది.

పిల్లల కోసం ఉద్యోగం మానేసి నాలుగైదేళ్లకు తిరిగి రావాలనుకునే మహిళల విషయంలో గంటల లెక్క కాస్త కఠినమే, కానీ అసాధ్యం కాదు. సీబీఏపీకి పదేళ్ల కిటికీ ఉంది కాబట్టి విరామానికి ముందు చేసిన పని పూర్తిగా వృథా కాదు. సీసీబీఏకు ఏడేళ్లే. ఐదేళ్ల విరామం తర్వాత ఆ కిటికీలో మిగిలేది రెండేళ్ల పాత పని మాత్రమే, అందుకని తిరిగి రావాలనుకున్న ఏడాదే పాత ప్రాజెక్టుల వివరాలు రాసిపెట్టుకోవడం మంచిది. పాత మేనేజర్లు ఉద్యోగాలు మారిపోయాక సిఫార్సు రాసేవాళ్లను వెతకడం గంటలు లెక్కపెట్టడం కంటే కష్టం.

స్థానికంగా చేయగలిగింది

సంఘం శాఖ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. శాఖ చేసే పనిలో ఎక్కువ భాగానికి డాలర్లు అవసరం లేదు. నెలకు ఒక ఆదివారం, ఏ కాలేజీ గదిలోనో ఐటీ టవర్ సమావేశ మందిరంలోనో పదిమంది కూర్చుని ఒకరు రాసిన అవసరాల పత్రాన్ని అందరూ చదివి తప్పులు పట్టడం మొదలుపెడితే అదే వృత్తి సంఘానికి విత్తు. హైదరాబాద్‌లో పనిచేస్తూ శని, ఆదివారాలు సొంతూరికి వచ్చే అనుభవజ్ఞులు ఈ జిల్లాల్లో ఉన్నారు. వాళ్లు మూడు నెలలకోసారి రెండు గంటలు ఇస్తే చాలు. కాలేజీలు, రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య సంస్థ టాస్క్ ఇలాంటి చోట చేయి కలిపితే పని తొందరగా సాగుతుంది. కాలేజీ చివరి ఏడాది ప్రాజెక్టును ఎక్కడినుంచో కొనుక్కొచ్చిన కోడ్‌కు బదులు స్థానిక ప్రక్రియ మీద విశ్లేషణగా మారిస్తే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పరిస్థితి మారుతుంది.

కృత్రిమ మేధ ప్రభావం కూడా ఇటే చూపిస్తోంది. సమావేశం మాటలను పత్రంగా మార్చడం, యూజర్ స్టోరీలు (వాడేవాళ్ల కోణంలో అవసరాన్ని చెప్పే చిన్న వాక్యాలు) రాయడం యంత్రం చేస్తోంది. చక్కగా రాయడం ఒక్కటే నైపుణ్యంగా ఉన్నవాళ్లకు ఇది గడ్డుకాలం. మిల్లు ముందు లైనులో నిలబడ్డ లారీ డ్రైవర్‌ను ఎన్ని రోజులైందని అడగడం మాత్రం యంత్రానికి సాధ్యం కాదు, అక్కడికి మనిషే వెళ్లాలి. సంఘాల పై మెట్టు పరీక్షల్లో బట్టీ ప్రశ్నల కంటే సందర్భాలు ఇచ్చి అడిగే ప్రశ్నలకు చోటుండటం ఈ దిశకు సరిపోతుంది.

ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లకు ఈ రోజే అవసరమైనది ఒక నోటుబుక్కు. తేదీ, ఏ పని, ఎవరితో మాట్లాడారు, ఎన్ని గంటలు, పని ముగిశాక ఏం మారింది అని ఐదు గడులు గీసుకుంటే చాలు. సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసే రోజు నాలుగేళ్ల తర్వాత రావచ్చు, రాకపోనూ వచ్చు. ఆ గంటలను మాత్రం అప్పుడు గుర్తు తెచ్చుకుని రాయడం కుదరదు.